అక్కర్లేని కిటికీని గోడగా మార్చడం ఎలా

మా అమ్మ గదికి రెండు కిటికీలు. పక్క స్థలం ఖాళీగా ఉన్నంతకాలం తూర్పు కిటికీ దగ్గరే ఆవిడ మకాం. కూరలు తరుక్కున్నా, పత్రిక చదువుకున్నా ఆ వెలుగులోనే. తర్వాత ఆ స్థలంలో మూడంతస్తుల ఇల్లు లేచింది. మా కిటికీకి రెండడుగుల దూరంలో వాళ్ళ గోడ వచ్చి నిలబడింది. వెలుతురు పోయింది, గాలి పోయింది. దోమలూ వాళ్ళ స్నానాలగది ఫ్యాను వదిలే ఆవిరీ మాత్రం వచ్చేవి. రెక్కలు మూసేసి, లోపలివైపు ప్లైవుడ్ కొట్టించి, దాని మీద రంగేయించి, ముందు చెక్క బీరువా పెట్టేశాం. ఒక్క పూటలో పని అయిపోయిందని సంతోషించాం కూడా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకింది. ఆ సందులోకి గాలి దూరి వానను అడ్డంగా కొట్టింది. రెక్కల సందుల్లోంచి వచ్చిన నీళ్ళు ప్లైవుడ్ వెనక చేరిన సంగతి మాకు తెలియలేదు. కొన్ని నెలల తర్వాత బీరువా జరిపితే పలక ఉబ్బిపోయి ఉంది. ఊడదీస్తే ఫ్రేము నిండా చెద. బీరువా వెనక చెక్కకూ పట్టేసింది. అడుగు అరలో అమ్మ దాచుకున్న చీరలు ముక్కిపోయాయి. కిటికీ కనపడకుండా చేయడం వేరు, గోడ కట్టడం వేరు అని అప్పుడు తెలిసింది. రెండోసారి సరిగ్గా చేయించాం. మీరు మొదటిసారే సరిగ్గా చేయించుకోవాలని ఇది రాస్తున్నాను.

ముందు గాలి లెక్క

మేస్త్రిని పిలవకముందే టేపు పట్టుకుని గది కొలవండి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం, ఉక్కపోత ఎక్కువగా ఉండే మన కోస్తాలాంటి చోట్ల గదికి తలుపులు కాకుండా కిటికీలూ వెంటిలేటర్లూ కలిపి నేల విస్తీర్ణంలో ఆరో వంతుకు తగ్గకూడదు. పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు చాలు. మా గది పది అడుగులు, పన్నెండు అడుగులు, అంటే 120 చదరపు అడుగులు. ఆరో వంతు 20. రెండు కిటికీలూ నాలుగడుగుల చదరాలు కాబట్టి ఒక్కొక్కటి 16. ఒకటి పూర్తిగా మూసేస్తే నాలుగు చదరపు అడుగులు తక్కువ పడతాయి.

అందుకే మేం పూర్తిగా మూయలేదు. లింటెల్ కిందే, అంటే కిటికీ పైన గోడ బరువు మోసే కాంక్రీటు దూలం కిందే, నాలుగడుగుల వెడల్పు, పధ్నాలుగు అంగుళాల ఎత్తు వెంటిలేటరు ఉంచి, దాని కింద అంతా గోడ కట్టించాం. దాంతో మళ్ళీ ఇరవై దాటింది. వెంటిలేటరును ఉన్న లింటెల్ కిందే, ఉన్న వెడల్పులోనే పెట్టుకుంటే కొత్త లింటెల్ పోయాల్సిన పని లేదు. గదిలోని వేడిగాలి ఎలాగూ పైకే చేరుతుంది, అక్కడినుంచి బయటికి పోతుంది. దోమల జాలి బిగించుకుంటే సరి. మీ గదిలోనూ లెక్క తక్కువ పడితే ఇదే నా సలహా.

రెండు చోట్ల మాత్రం అసలు మూయొద్దు. గ్యాస్ గీజరు ఉన్న స్నానాలగదిలో కిటికీ గానీ వెంటిలేటరు గానీ మూయకండి. గాలి చాలకపోతే గ్యాసు సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. స్నానానికి వెళ్ళిన మనిషి అక్కడే కూలిపోతాడు, బయటివాళ్ళకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. గీజరును బయటికి మార్చి, అప్పుడు ఆలోచించండి. ఇంకోటి వంటిల్లు. సిలిండర్‌లోని గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. పైన ఫ్యాను ఉంది కదా అని వంటింటికి ఉన్న ఒక్క కిటికీ మూసేస్తే అది పోయే దారి ఉండదు. అలమారా చోటు కోసం వంటింటి కిటికీ బలిచేసిన ఇళ్ళు చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

పొరుగువాళ్ళతో గొడవ ఉంటే ఇంకో సంగతి చూసుకోవాలి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఒక కిటికీగుండా ఇరవై ఏళ్ళపాటు అడ్డులేకుండా గాలీ వెలుతురూ అనుభవించిన ఇంటికి వాటి మీద హక్కు ఏర్పడుతుంది. ఇటుకతో శాశ్వతంగా మూసేస్తే ఆ హక్కు మీరే వదులుకున్నట్టు లెక్కకట్టవచ్చు. వాళ్ళు ఇంకా కట్టకముందే, లేక వ్యవహారం కోర్టులో ఉండగానే మీరు కిటికీ మూయబోతుంటే ముందు వకీలును అడగండి. అపార్ట్‌మెంట్ అయితే బయటి గోడ అందరిదీ, అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోవాలి.

అద్దె ఇంట్లో ఉంటే ఈ పని పెట్టుకోకండి. రెక్కల సందులకు సిలికాన్ కొట్టి, లోపల సిమెంటు బోర్డు స్క్రూలతో బిగించి, ఏడాదికోసారి విప్పి చూసుకుంటే చాలు.

ఏ ఇటుక, ఎంత సామాను

తొమ్మిదంగుళాల గోడలో నాలుగడుగుల చదరం కిటికీ పూర్తిగా మూయడానికి మామూలు ఎర్ర ఇటుకలు 170 దాకా పడతాయి. విరిగేవీ ముక్కలకు పోయేవీ కలుపుకుని రెండొందలు తెప్పించండి. సిమెంటు రెండు బస్తాలు, ఇసుక పది ఘనపుటడుగులు సరిపోతాయి, కొంచెం మిగులుతుంది కూడా. కట్టుబడికి సిమెంటు ఒకటికి ఇసుక ఆరు పాళ్ళ మాలు, పూతకు ఒకటికి నాలుగు.

సముద్రం దగ్గర ఉన్నవాళ్ళకు ఒక మాట. ఒడ్డున ఉచితంగా దొరుకుతుంది కదా అని సముద్రపు ఇసుక వాడనివ్వకండి. అందులోని ఉప్పు తడి పీల్చి గోడ మీద తెల్లగా పూస్తూనే ఉంటుంది, రంగు పొరలుగా రాలిపోతుంది. నది ఇసుక దొరక్కపోతే రాయిని మరపట్టి తీసే రోబో ఇసుక మేలు, కాకపోతే పూతకు సన్నరకం అడగాలి.

ఇటుకతో కట్టిన ఈ ముక్క బరువు 650 కిలోలు ఉంటుంది. కింది ఇంట్లో, పునాది మీద నిలిచిన గోడలో అయితే చింత లేదు. మేడ మీద గోడ కింద బీము ఉందో, ఉత్త స్లాబు మీద నిలబెట్టారో తెలియకపోతే ఇంజనీరుకు చూపించండి. అలాంటిచోట ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మలు, వాడుకోవచ్చు, ఇటుక బరువులో మూడో వంతే ఉంటాయి. వాటిని ఇటుకల్లా నీళ్ళలో నానబెట్టకూడదు. పైపైన తడిపి, వాటికోసం అమ్మే సన్నటి జాయింటు మాలుతోనే కట్టాలి.

గోడ మొత్తం మందం అక్కర్లేదనుకుంటే ఇంకో పద్ధతి ఉంది, నాకు చాలా ఇష్టం. బయటివైపు నాలుగున్నర అంగుళాల గోడ కట్టి, లోపల మిగిలిన లోతును గూడుగా వదిలేయడం. మధ్యలో ఒకటో రెండో కడప బండలు దించితే పుస్తకాలకో, దేవుడి పటాలకో చక్కటి చోటు. కానీ వాన నేరుగా కొట్టే గోడకు ఇది పనికిరాదు. నాలుగున్నర అంగుళాల గోడలోంచి తడి సులువుగా లోపలికి దిగుతుంది. పైన డాబా కప్పు ఉన్న వరండాలోకి తెరుచుకునే కిటికీలకు బాగుంటుంది. ఇలా కడితే మాలు ఒకటికి నాలుగు పాళ్ళు కలపాలి.

ఊడదీయడం

వానలు వెళ్ళిపోయాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ పనికి మంచి రోజులు. మే నెలలో చేస్తే మాలు గట్టిపడకముందే ఎండిపోతుంది, ఎన్ని నీళ్ళు కొట్టినా చాలవు.

మొదట ఆ గోడలో కరెంటు తీగలు ఎక్కడ నడుస్తున్నాయో చూడండి. కిటికీ పక్కన స్విచ్‌బోర్డు ఉంటే పైపు నిలువుగా పైకి పోతుంటుంది. ఆ గది ఎంసీబీ దించి పని మొదలుపెట్టించండి. అద్దాలకు అడ్డంగా టేపు అంటించి, మడతబందుల స్క్రూలు విప్పి రెక్కలు తీయాలి. తర్వాత ఊచలో గ్రిల్లో.

ఫ్రేము దగ్గరే చాలామంది మేస్త్రీలు తేలిక దారి వెతుకుతారు. మా మేస్త్రి కూడా, “ఫ్రేము ఉంచేద్దామమ్మా, మధ్యలో ఇటుక పేర్చేస్తే గట్టి పట్టు ఉంటాది” అన్నాడు. చెద తిన్న ముక్క తెచ్చి చూపించాక ఇంకేమీ అనలేదు. గోడలో పూడ్చిన చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకు చిక్కుతుంది, చుట్టూ పగులు తెస్తుంది. పైగా చెదపురుగుకు గోడలోపల దాక్కుని తినడానికి అన్నం పెట్టినట్టే. టేకైనా, మద్దైనా, వేపైనా ఒక్క ముక్క లోపల మిగలకూడదు.

తీసే తీరు ఇది. ఫ్రేము అడుగు కర్రను రంపంతో మధ్యకు కోసి, సగాలను పలుగుతో పైకెత్తాలి. నిలువు కర్రలు గోడలోకి దిగిన ఇనప క్లాంపులతో పట్టుకుని ఉంటాయి. వాటి చుట్టూ పూత ఉలితో తీసి, క్లాంపును గ్రైండరుతో కోస్తే కర్ర గోడను చీల్చకుండా బయటికొస్తుంది. పలుగుతో పెకలిస్తే పక్క ఇటుకలు రెండు మూడు వరసలు కదిలిపోతాయి, ఆ నష్టం తర్వాత మీ ఖర్చు. పాత టేకు ఫ్రేమునూ రెక్కలనూ పారేయకండి, పాత సామాను కొట్లవాళ్ళు మంచి ధరకే తీసుకుంటారు. మా రెక్కల చెక్క బాగానే ఉంది, అమ్మకు చిన్న పీట చేయించాం.

కింద కిటికీ గట్టుగా వేసిన కడప బండ ఉంటే అదీ తీసేయాలి. దాని నునుపు మీద మాలు పట్టదు.

బయట సన్‌షేడ్ మాత్రం వీలైతే ఉంచండి. అది లింటెల్‌తో కలిపి పోసిన కాంక్రీటు. కొడితే ఆ అదురు లింటెల్‌కూ గోడకూ తగులుతుంది, తెగిన చువ్వల కొసలు తుప్పు పడతాయి. తీయక తప్పకపోతే సుత్తితో కొట్టించకుండా మెషీనుతో కోయించి, చువ్వల కొసలకు తుప్పు పట్టని రంగు పూసి, వెంటనే మాలుతో కప్పించండి.

కొత్త ఇటుక పాత గోడను కరిచి పట్టాలి

ఈ పని మొత్తంలో మీరు దగ్గరుండి చూడాల్సింది ఇదే. ఖాళీలో ఇటుకలు ఊరికే పేర్చి, పైన పూత పూసేస్తే మొదటి ఎండాకాలానికే కిటికీ ఆకారం గోడ మీద పగులుగా తేలుతుంది. అలా తేలిన ఇళ్ళు మీరూ చూసే ఉంటారు. కొత్త ముక్కా పాత గోడా విడివిడిగా కదలడమే కారణం.

రెండు పక్కలా అంచు మీది పూతంతా ఇటుక కనిపించేదాకా కొట్టేయాలి. లోపలా బయటా గోడ మీద కూడా ఖాళీ చుట్టూ ఆరంగుళాల మేర పూత తీసేయాలి. తర్వాత పాత అంచులో ఒక వరస విడిచి ఒక వరస సగం ఇటుక బయటికి తీస్తే, అంచు పళ్ళు పళ్ళుగా తయారవుతుంది. కొత్త ఇటుక సగం ఆ పంటి సందులోకి దూరి కూర్చుంటుంది.

గోడ బాగా పాతదై, ఒక ఇటుక తీస్తే నాలుగు రాలుతుంటే పళ్ళు తీయడం ఆపండి. ప్రతి నాలుగో వరసకు ఒకటి చొప్పున రెండు అంచుల్లోనూ ఐదంగుళాల లోతు బెజ్జం వేసి, దుమ్ము ఊది, యాంకరు జిగురు నింపి, అడుగున్నర పొడవు 6 ఎంఎం చువ్వ గుచ్చండి. బయటికి ఉన్న భాగం కొత్త వరస మాలులో పడుకుంటుంది. ఆ చువ్వ మాలులో పూర్తిగా మునగాలి, ఎక్కడా తేలకూడదు.

ఇటుకలను బుడగలు రావడం ఆగేదాకా నీళ్ళలో నానబెట్టి, కట్టేముందు తీసి నీళ్ళోడనివ్వాలి. పొడి ఇటుక మాలులో నీళ్ళన్నీ తాగేస్తుంది, మాలు ఇసుకలా మిగులుతుంది. పాత అంచులనూ బాగా తడిపి, పల్చటి సిమెంటు పాలు కొట్టించండి. వరస వరసకూ నిలువు సందులు తప్పించి కట్టాలి. తూకం గుండు వేసి చూస్తుండాలి.

మేస్త్రీలు తొందరలో మరిచిపోయే కొలత ఒకటుంది. కొత్త ఇటుక ముఖం పాత పూత ముఖంతో సమానంగా రాకూడదు. పాత ఇటుక ముఖంతో సమానంగా, అంటే పాత పూతకు లోపలివైపు అరంగుళం, బయటివైపు ముప్పావు అంగుళం వెనక్కి ఉండాలి. లేకపోతే పూత పూశాక ఆ ముక్క గోడ మీద బొప్పిలా లేచి కనిపిస్తుంది. దాన్ని ఏ రంగూ దాచలేదు.

లింటెల్ కిందికి వచ్చాక ఆగండి. చివరి వరస ఆ రోజే బిగించేయాలని చూస్తారు. పచ్చి గోడ ఎండేకొద్దీ కొంచెం కిందికి కుదురుకుంటుంది, పైన వెంట్రుక మందం సందు పడుతుంది. లింటెల్ కింద అంగుళం ఖాళీ ఉంచి, మరునాడు బిరుసుగా కలిపిన మాలును రెండు పక్కలనుంచీ చిన్న కర్రతో కూరి కూరి నింపించండి. నీళ్ళు ఎక్కువైన మాలు అక్కడ నిలవదు, ఎండాక చిక్కిపోతుంది కూడా. మాలాగా వెంటిలేటరు పెట్టుకునేవాళ్ళకు ఈ బాధ ఉండదు, దాని అడుగున బయటికి వాలుగా గట్టు తీయిస్తే చాలు.

పని దిగే ముందు ఇటుకల సందుల్లోని మాలును అరంగుళం లోతు గీకించండి, పూత పట్టుకోవడానికి. తర్వాత ఏడు రోజులు రోజుకు మూడుసార్లు నీళ్ళు కొట్టాలి. ఈ పని మేస్త్రి చేయడు, మీరే చేయాలి. గోనె పట్టా తడిపి వేలాడదీస్తే తడి నిలుస్తుంది.

పూత

కొత్త ఇటుకా పాత ఇటుకా కలిసే గీత వెంట అడుగు వెడల్పు చికెన్ మెష్ (సన్నటి ఇనప తీగ వల) పట్టీ కొట్టాలి, అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు. లింటెల్ కిందా అంతే. కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకేలా సాగవు కాబట్టి అక్కడే పగులు మొదలవుతుంది. మెష్ వదులుగా వేలాడకుండా లాగి మేకులు కొట్టించండి.

బయటి పూత ముందు చేయండి. రెండు పొరలుగా, మొత్తం ముప్పావు అంగుళం. సిమెంటుతో పాటు నీరుపట్టని మందు డబ్బా మీద రాసిన కొలతకే కలపాలి, ఎక్కువ పోస్తే ఎక్కువ మంచిదనుకోకండి. మొదటి పొర మీద గీతలు గీసి, మరునాడు రెండోది వేస్తే బాగా పట్టుకుంటుంది. రెండడుగుల సందులో మేస్త్రి చేయి సరిగ్గా ఆడదు, అందుకని ఆ మూలలు బద్ధకంగా పూసి వదిలేస్తారు. మేం టార్చి పట్టుకుని వెళ్ళి చూస్తే అడుగున అరచేయి అంత చోట ఇటుక కనిపించింది. మీరూ వెళ్ళి చూడండి. పొరుగువాళ్ళ గోడ మీద పడిన మాలు ఎండకముందే కడిగించేయండి.

లోపలి పూత అరంగుళం చాలు. దీనికీ వారం రోజులు నీళ్ళు.

లప్పం, రంగు

ఇక్కడ ఓపిక కావాలి. పూత పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. నీళ్ళు ఆపాక కనీసం మూడు వారాలు ఆరనివ్వండి. పాలిథీన్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో గోడకు అంటించి ఒక రాత్రి ఉంచితే, తెల్లారి లోపల చెమట పట్టిందో లేదో చూసి తెలుసుకోవచ్చు. పట్టకపోతే లప్పం రెండు చేతులు పెట్టించి, పట్టుకాగితంతో రుద్ది, ప్రైమరు వేసి, రంగు వేయించండి.

రంగు ఆ ముక్క వరకే వేస్తే డబ్బు మిగులుతుందని అనిపిస్తుంది. పాత డబ్బాలోని రంగే వేసినా తేడా తెలిసిపోతుంది, పక్కనుంచి వెలుగు పడినప్పుడైతే మరీను. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా గోడంతా వేయించండి.

బీరువాను మొదటి వానాకాలం గడిచేదాకా ఆ గోడకు జేర్చకండి, రెండంగుళాలు ఎడం ఉంచండి. పెద్ద వాన వెలిసిన మరునాడు అరచేతిని గోడకు ఆనించి, నాలుగు అంచుల వెంటా చూడండి. సన్నటి గీత ఏదైనా కనిపిస్తే దాని కొస దగ్గర పెన్సిలుతో తేదీ వేసి ఉంచండి. మూడు నెలలకు గీత ఆ గుర్తు దాటకపోతే అది పూత ఎండినప్పటిది, లప్పంతో పోతుంది. దాటితే లోపల పళ్ళు పట్టలేదని అర్థం. ఆ మేరకు పూత తీసి, మెష్ మళ్ళీ కొట్టించాలి.